లాస్ట్ కాంటినెంట్ స్థలంలో ఏమొస్తుంది? డిస్నీ విలన్స్ ల్యాండ్ ఎలా ఉంటుంది? మీ అంచనాలు చెప్పండి

రైలుపట్టా

ఫ్లోరిడాలోని ఆర్లాండోలో యూనివర్సల్ వాళ్ల కొత్త థీమ్ పార్కు ఎపిక్ యూనివర్స్ 2025 మే 22న తెరిచారు. ఇక వాళ్లు అక్కడి పాత పార్కుల సంగతి చూస్తారని నా గట్టి నమ్మకం. ముందు చూడాల్సింది ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లోని లాస్ట్ కాంటినెంట్‌నే.

ఆ పార్కులో ఒక్కో భాగాన్నీ ద్వీపం అంటారు. 1999లో పార్కు మొదలైనప్పుడు ఎంత పెద్ద ద్వీపం అది! 2010లో అందులో పెద్ద ముక్క తీసి హ్యారీ పాటర్‌కి ఇచ్చారు. 2018లో సింద్‌బాద్ షో ఆపేశారు. 2023 మేలో పొసైడన్స్ ఫ్యూరీ షో కూడా మూతపడింది. ఇక మిగిలింది మిథోస్ రెస్టారెంటూ కొన్ని దుకాణాలూ. ఒక పక్క హ్యారీ పాటర్ ఊరు హాగ్స్‌మీడ్ నుంచి ఇంకో పక్క పిల్లల ద్వీపం సూస్ ల్యాండింగ్‌కి పోయే జనం దాన్ని దారిలా దాటేస్తున్నారంతే.

నా అంచనా నింటెండో వీడియో గేమ్ జెల్డా. నింటెండోతో యూనివర్సల్ ఒప్పందం 2015 నాటిది. ఒసాకాలో 2021లో, హాలీవుడ్‌లో 2023లో, ఇప్పుడు ఎపిక్‌లో మారియో వచ్చేశాడు. తర్వాతి వంతు ఎవరిది? పైగా జెల్డా సినిమాని 2027కి అనుకుంటున్నారు. రాతి శిథిలాలు, గుళ్లు, కొండలు ఆ స్థలంలో ఇప్పటికే సగం ఉన్నాయి. మీరేమంటారు?

మూడోవరుస

జెల్డా సినిమా తీస్తున్నది సోనీతో కలిసి కదా. పోటీ స్టూడియో సినిమాకి యూనివర్సల్ వాళ్లు పార్కులో చోటిస్తారా?

రైలుపట్టా

ఇస్తారు బ్రదర్. హ్యారీ పాటర్ సినిమాలు వార్నర్ వాళ్లవి, అయినా యూనివర్సల్ పార్కుల తలరాత మార్చింది ఆ కోటే. సినిమా తీసే హక్కు వేరు, పార్కులో వాడుకునే హక్కు వేరు. జెల్డా నింటెండో సొత్తు, నింటెండోతో పార్కుల ఒప్పందం ఉన్నది యూనివర్సల్‌కి. సినిమా ఎవరు విడుదల చేసినా జనంలో ఊపు వస్తుంది. ఆ ఊపు అందరికీ పనికొస్తుంది.

పర్మిట్‌పక్షి

జెల్డా వస్తే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. కానీ "వస్తే బాగుండు" వేరు, "వస్తుంది" వేరు. రెండూ కలిపేయొద్దు.

నేను ముందు చూసేది కాగితాలు. మధ్య ఫ్లోరిడాలో పెద్దగా ఏం కట్టాలన్నా వాన నీళ్లు ఎటు పోతాయో చూపించాలి. అందుకోసం సౌత్ ఫ్లోరిడా వాటర్ మేనేజ్‌మెంట్ డిస్ట్రిక్ట్‌కి ఇచ్చే ప్లాన్లు ఎవరైనా తెరిచి చూడొచ్చు. వాటిలో రైడ్ పేరు ఉండదు, సినిమా పేరు అసలే ఉండదు. ఉండేవి గీతలు. ఇక్కడ కాలిబాట, ఇక్కడ నీటి గుంట, ఇక్కడ ఒక పెద్ద డబ్బా. ఆ డబ్బా కాలిబాటకి ఆనుకోకుండా వెనక్కి జరిగి, చుట్టూ సర్వీస్ రోడ్డుతో ఉందా, అది షో బిల్డింగ్, అంటే లోపల రైడ్ నడిచే భవనం, అయ్యే అవకాశం ఎక్కువ. దాని ముందు వంకర టింకరగా ఇరుకు దారి గీసి ఉంటే అది క్యూ. స్కేలు పెట్టి కొలిస్తే లోపల ఎంత రైడ్ పడుతుందో కొంతవరకు తేలుతుంది.

కొత్తగా ఆసక్తి పెరిగినవాళ్లకి ఇంకో చిట్కా. ఎత్తు చూడండి. అమెరికాలో 200 అడుగులు దాటే కట్టడానికి విమానయాన శాఖకి చెప్పాలి, సాధారణంగా పైన ఎర్ర దీపం కూడా పెట్టాల్సి వస్తుంది. పాతకాలపు హోటల్ నెత్తిన ఎర్ర దీపం మెరుస్తుంటే ఇక కథ ఏం నిలుస్తుంది? అందుకే ఫ్లోరిడా డిస్నీలో పాత హోటల్‌లా కట్టిన రైడ్ టవర్ ఆఫ్ టెర్రర్ 199 అడుగుల దగ్గర ఆగింది. అక్కడే కొండలా కట్టిన ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ 199న్నర. "300 అడుగుల పర్వతం కడుతున్నారట" అని ఎవరైనా రాస్తే ముందు ఇది గుర్తు తెచ్చుకోండి.

సింగిల్‌రైడర్

ఇంత ఓపికగా రాసినందుకు థ్యాంక్స్ అండీ. నేను కొత్త. ఒక సందేహం. డిస్నీ వాళ్లు మార్వెల్‌ని 2009లోనే కొనేశారు కదా, మరి ఫ్లోరిడా డిస్నీలో అవెంజర్స్ ల్యాండ్ ఎందుకు రాదు? విలన్స్ ల్యాండ్ అంటే నాకు ముందు తట్టింది థానోసే!

పర్మిట్‌పక్షి

దీని వెనక 1994 నాటి ఒప్పందం ఉంది. అప్పటికి మార్వెల్ విడి కంపెనీ. యూనివర్సల్ మాతృసంస్థ ఎమ్‌సీఏ వాళ్లతో ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం యూనివర్సల్ వాడుతున్న పాత్రలనీ, వాటి కుటుంబానికి చెందిన పాత్రలనీ మిసిసిపీ నదికి తూర్పున ఇంకో థీమ్ పార్కు వాడకూడదు. ఆర్లాండో తూర్పున ఉంది. హల్క్, స్పైడర్‌మ్యాన్ 1999 నుంచి యూనివర్సల్ దగ్గరే తిరుగుతున్నారు. డిస్నీ వాళ్లు మార్వెల్‌ని కొన్నప్పుడు ఆ ఒప్పందం కూడా వెంట వచ్చింది.

కాలిఫోర్నియా నదికి పడమర కాబట్టి 2021లో అక్కడ అవెంజర్స్ క్యాంపస్ తెరవగలిగారు. ఫ్లోరిడా డిస్నీ పార్కు ఎప్‌కాట్‌లో 2022లో మార్వెల్ గార్డియన్స్ పాత్రలతో రోలర్ కోస్టర్ వచ్చింది కదా, ఆ పాత్రలు యూనివర్సల్ వాడకంలో లేవు. దాని పేరు జాగ్రత్తగా గమనించండి, మార్వెల్ అనే మాటే కనిపించదు.

కాబట్టి ఫ్లోరిడా విలన్స్ ల్యాండ్‌లో థానోస్ రాడు. మలెఫిసెంట్, ఉర్సులా, హేడీస్ లాంటి కార్టూన్ విలన్ల గురించే ఆలోచించాలి.

సింగిల్‌రైడర్

ఒక నది రెండు కంపెనీల మధ్య హద్దురాయి అన్నమాట! ఇన్నేళ్లూ వాళ్లకి ఇష్టం లేక కట్టలేదనుకున్నాను.

చీకటిరైడ్

అయితే విలన్స్ ల్యాండ్‌కే వస్తాను. 2024 ఆగస్టులో డిస్నీ వాళ్లు చెప్పింది చాలా తక్కువ. ఫ్లోరిడాలోని వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో బిగ్ థండర్ కోస్టర్ కొండ వెనక, రెండు పెద్ద రైడ్లు, తిండి, దుకాణాలు. అంతే. మిగతాదంతా మన ఊహ.

ఊహించేటప్పుడు చాలామంది సినిమా జాబితాతో మొదలుపెడతారు. ఈ విలన్‌కి ఒక రైడ్, ఆ విలన్‌కి ఒక రెస్టారెంట్ అని పంచేస్తారు. నేను ముందు అడిగేది ఒకటే ప్రశ్న: మనం నడిచి వెళ్లాలనుకునే చోటు ఏది? కథ సీట్లో కూర్చుని చూడొచ్చు. చోటు అలా కాదు, కాళ్ల కింద నేల ఉండాలి.

ఇందుకు డిస్నీ వాళ్ల అవతార్ సినిమా ల్యాండ్ పండోరానే ఉదాహరణ. సినిమా 2009లో వచ్చింది, ల్యాండ్ 2017 మేలో తెరిచారు. మధ్యలో ఎంతమంది ఎన్ని మాటలన్నారో! "ఆ సినిమాలో ఒక్క పాత్ర పేరైనా ఎవరికి గుర్తుంది" అని. ఆ మాటలో నిజం ఉండొచ్చు. కానీ జనానికి ఆ అడవి గుర్తుంది. అక్కడి ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ రైడ్‌లో సినిమాలోని పెద్ద పక్షిలాంటి ప్రాణి మీద ఎగురుతున్నట్టు, బైక్ మీద కూర్చున్నట్టు కూర్చుంటాం. తెర వెలగకముందే మోకాళ్లకి ఆనుకున్న భాగం మెల్లగా ఉబ్బుతుంది, తగ్గుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. ఆ పక్షి ఊపిరి తీస్తోందని రెండు క్షణాలకి గానీ తట్టదు. అప్పటికి సినిమా లేదు, హీరో లేడు, కథ లేదు. ఒక ప్రాణి మీద కూర్చున్నామంతే. నాకు రైడ్ మొత్తంలో అదే నిలిచిపోయింది.

అందుకే విలన్స్ విషయంలో నాకు కొంచెం భయంగానే ఉంది. విలన్లందరికీ కలిపి ఒక ఊరు లేదు. మలెఫిసెంట్ కోట అడవిలో, ఉర్సులా సముద్రం అడుగున, హేడీస్ పాతాళంలో. వీళ్లందరినీ కలిపే నేల ఒకటి కొత్తగా కట్టాలి. అది కుదిరిందా, డిస్నీ చరిత్రలోనే గొప్ప ల్యాండ్ అవుతుంది. కుదరకపోతే బొమ్మల కొలువులా ఒక్కో మెట్టు మీద ఒక్కరిని నిలబెట్టినట్టు ఉంటుంది.

రైలుపట్టా

ఆ ఊపిరి సంగతి అక్షరాలా నిజం. నేను దిగాక కూడా మోకాళ్లు తడుముకున్నాను.

మూడోవరుస

ఎపిక్‌లోని డార్క్ యూనివర్స్, అదే యూనివర్సల్ పాత రాక్షసుల ల్యాండ్, ఈ లెక్క కుదిర్చింది కదా చీకటిరైడ్ గారూ? ఫ్రాంకెన్‌స్టైన్, డ్రాకులా సినిమాలు 1931లో వచ్చాయి. అవి వేరు వేరు కథలు. అన్నిటినీ ఒకే పల్లెటూళ్లో పెట్టి, మధ్యలో ఒక పాత బంగళా కట్టారు. తొంభై ఏళ్లు దాటిన సినిమాలు, వచ్చేవాళ్లలో చాలామంది చూసి ఉండరు. అయినా పనిచేస్తోంది. విలన్స్‌కి కూడా అలా ఒక ఊరు కుదిర్చితే చాలు.

చీకటిరైడ్

ఒప్పుకుంటున్నాను, మంచి ఉదాహరణ చెప్పారు. కాకపోతే ఆ రాక్షసుల సినిమాలన్నిటికీ మొదటి నుంచీ ఒకే వాతావరణం: మంచు, పాత రాయి, దివిటీలు. డిస్నీ విలన్లలో ఒక్కొక్కరిది ఒక్కో రంగు. పని ఎక్కువ. కానీ మీరన్నాక నాకూ ఆశ కలుగుతోంది.

ఇంకో మాట, కెపాసిటీ. రెండు రైడ్లలో ఒకటైనా ఆగకుండా నడిచేది కావాలి. డిస్నీ దయ్యాల బంగళా రైడ్ హాంటెడ్ మ్యాన్షన్‌లో బండ్లు గొలుసులా వస్తూనే ఉంటాయి, ఎక్కేచోట బెల్టు కదులుతూనే ఉంటుంది. అందుకే అక్కడ క్యూ నిలబడిపోదు, జరుగుతూ ఉంటుంది. పది సెకన్లకి నలుగురిని పంపే రైడ్ అయితే గంటకి 1,440 మంది. ముప్పై సెకన్లకి ఇరవై మందిని పంపే పడవ అయితే 2,400. కొత్త ల్యాండ్ తెరిచిన మొదటి ఏడాది ఆ తేడా ఎంతో నిలబడినవాళ్లకే తెలుస్తుంది. ఒక పార్కులో (పేరు వద్దులెండి) మా అమ్మాయితో రెండు గంటల పది నిమిషాలు నిలబడ్డాం. ఇంకో మలుపు తిరిగితే ఎక్కుతాం అనగా రైడ్ ఆగిపోయిందని పంపేశారు. పిల్ల ఏడవలేదు, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పటినుంచి ఏ ప్రకటన వచ్చినా గంటకి ఎంతమంది అనేదే నేను ముందు ఆలోచించేది.

నదిఒడ్డు

అందరూ రాబోయేదాని గురించి మాట్లాడుతున్నారు. పోయినదాని గురించి కూడా ఒకరు మాట్లాడాలి కదా.

2025 జులై 6 మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రివర్స్ ఆఫ్ అమెరికాకి ఆఖరి రోజు. ఆ నది పార్కుతో పాటే 1971లో పుట్టింది. టామ్ సాయర్ ద్వీపం 1973 నుంచి ఉంది. నదీ, ద్వీపమూ, ఆ నదిలో తిరిగే ఆవిరి పడవా, మూడూ ఒకేసారి పోయాయి. అక్కడ కార్స్ సినిమా ల్యాండ్ వస్తుంది, కొండల మీద రేసు అంటున్నారు. ఆ సినిమా మీద నాకు కోపం లేదు, మా పిల్లలు దానితోనే పెరిగారు.

కానీ ఆ పడవ పై అంతస్తులో కూర్చుంటే ఏమయ్యేదో చెప్తాను. ఏమీ అయ్యేది కాదు. అదే దాని గొప్పతనం. మధ్యాహ్నం రెండింటికి, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, మా నాన్నని అక్కడ కూర్చోబెట్టేదాన్ని. ఆవిరి ఈల ఒకసారి పొడుగ్గా వినిపించేది. చక్రం నీళ్లు కొడుతూ తిరిగేది. పడవ నీళ్ల అడుగున దాచిన పట్టా మీద నడుస్తుందని ఆయనకి తెలుసు, అయినా ప్రతిసారీ "కెప్టెన్ బాగా తిప్పాడు" అనేవారు. ఎత్తు నిబంధన లేదు, వయసు లేదు, పరిగెత్తక్కర్లేదు. పార్కులో ఆయన మాతో పాటు సమానంగా చేసిన పని అదొక్కటే.

సినిమా రైడ్లు వద్దనడం లేదు. ఖాళీ స్థలం ఎంత ఉంది ఆ రాష్ట్రంలో! నీళ్లని పూడ్చి ఎందుకు కట్టాలి?

పర్మిట్‌పక్షి

నదిఒడ్డు గారూ, మీరు రాసింది చదివాక వెంటనే లెక్కల్లోకి వెళ్లాలనిపించలేదు. అయినా మీ ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు చెప్తాను.

స్థలం ఉంది. కానీ ఖాళీగా కనిపించేదంతా కట్టదగ్గ నేల కాదు, చాలాభాగం చిత్తడి. మ్యాజిక్ కింగ్‌డమ్ కట్టినప్పుడే భూగర్భ జలం పైపైనే ఉందని సిబ్బంది తిరిగే సొరంగాలు తవ్వలేక నేల మీదే కట్టారు. పార్కు ముందున్న చెరువు సెవెన్ సీస్ లగూన్ తవ్విన మట్టి తెచ్చి చుట్టూ ఎత్తు చేశారు. మనం నడిచే వీధి నిజానికి రెండో అంతస్తు. ఇంకొకటి, విలన్స్ ల్యాండ్‌కి జనం నడిచి వెళ్లాలంటే దారి కావాలి. నది ఆ దారికి అడ్డంగా ఉంది. నేను చూసిన కారణం ఇదే. మీ బాధకి ఇది సమాధానం కాదని నాకు తెలుసు.

నదిఒడ్డు

చిత్తడి సంగతి, దారి సంగతి ఇన్నాళ్లూ ఎవరూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. థ్యాంక్స్ అండీ. ఒప్పుకోలేకపోతున్నాను గానీ అర్థమైంది.

నీలిమబ్బు

నాదీ ఒక వీడ్కోలు. ఫ్లోరిడా డిస్నీ పార్కు హాలీవుడ్ స్టూడియోస్‌లో తోలుబొమ్మల్లాంటి మప్పెట్స్ బొమ్మల షో మప్పెట్ విజన్ 2025 జూన్ 7న ఆఖరి షో వేసింది. ఆ బొమ్మల్ని సృష్టించిన జిమ్ హెన్సన్ 1990 మే 16న పోయారు. ఆ షో 1991 మే 16న మొదలైంది, సరిగ్గా ఏడాదికి. ఆయన చేతిపని ఉన్న చివరి వాటిలో అదొకటి. ఇప్పుడు అక్కడికి మాన్‌స్టర్స్ ఇంక్ ల్యాండ్ వస్తోంది, తలుపులు వేలాడుతూ పోయే కోస్టర్‌తో. డిస్నీ కట్టే మొదటి వేలాడే కోస్టర్ అది. ఆ తలుపుల గది సినిమాలో చూసినప్పటినుంచి ఎక్కాలని ఉంది. అది తెరిచిన రోజు క్యూలో ఉంటాను, ఆ పాత షో ఉన్న చోట ఒక నిమిషం ఆగుతాను. రెండూ నిజమే.

రైలుపట్టా

పాతది పోయి కొత్తది రావడం యూనివర్సల్‌లో ఇంకా ఎక్కువ. కింగ్ కాంగ్ రైడ్ కాంగ్‌ఫ్రంటేషన్ ఎవరికైనా గుర్తుందా? 1990లో పార్కుతో పాటే వచ్చి 2002లో పోయింది. కాంగ్ మొహం దగ్గరికి వచ్చినప్పుడు నోట్లోంచి అరటిపండు వాసన వచ్చేది! తర్వాత అక్కడ మమ్మీ కోస్టర్ వచ్చింది, అదీ నాకు ప్రాణమే. షార్క్ సినిమా రైడ్ జాస్ 2012 జనవరిలో పోయింది, ఆ చోట 2014 జులైలో హ్యారీ పాటర్ కథలోని మాయా వీధి డయాగన్ అల్లీ వచ్చింది. జాస్ అభిమానులు ఎంత బాధపడ్డారో నాకు తెలుసు, నేనూ అందులో ఒకణ్ణి. కానీ డయాగన్ అల్లీకి మొదటిసారి వెళ్లినప్పుడు బోర్డు ఎక్కడా కనపడలేదు. లండన్ వీధి ముందు అటూ ఇటూ తిరిగాను. ఇటుక గోడ సందులోంచి ఒక కుటుంబం లోపలికి మాయమైంది. వాళ్ల వెనకాలే వెళ్లాను. మలుపు తిరగ్గానే బ్యాంకు మీద డ్రాగన్. ఆ క్షణంలో జాస్ పోయినందుకు క్షమించేశాను.

చీకటిరైడ్

ఆ సందు చూశారా? అదీ చోటు అంటే.

మూడోవరుస

ఒక లాజిక్ చెప్తాను, తప్పయితే సరిదిద్దండి. హాగ్స్‌మీడ్ ఒక పార్కులో, డయాగన్ అల్లీ పక్క పార్కులో; ఆ రెండు పాటర్ ల్యాండ్‌లని కలిపే రైలు ఎక్కాలంటే రెండు పార్కుల టికెట్ ఉండాలి. అంటే ఒక రైడ్‌తో టికెట్ ధరే మారింది. అలాంటప్పుడు మారియో ఎపిక్‌లో ఉండగా జెల్డాని ఐలాండ్స్‌లో పెడితే, నింటెండో అభిమాని రెండు చోట్లకీ వెళ్లక తప్పదు. రైలుపట్టా అన్న అంచనాకి నా ఓటు ఇందుకే.

పర్మిట్‌పక్షి

ఈ థ్రెడ్‌లో జెల్డాకి వచ్చిన అన్నిటికంటే గట్టి వాదన ఇదే. ఇప్పుడు నేనూ కొంచెం అటు మొగ్గుతున్నాను. కానీ ఒక జాగ్రత్త. పక్కనున్న యూనివర్సల్ స్టూడియోస్ పార్కులో రిప్ రైడ్ రాకిట్ కోస్టర్‌ని 2025 ఆగస్టులో మూసి, ఆ చోట ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ డ్రిఫ్ట్ కోస్టర్‌ని 2027కి అని ప్రకటించారు. పక్క పార్కులో అంత పని నడుస్తుంటే ఇక్కడ ఇంకో పెద్ద ల్యాండ్ వెంటనే మొదలుపెడతారా? పడగొట్టే కాంట్రాక్టర్ పేరుతో కౌంటీ కాగితం వచ్చేదాకా నేను "అవకాశం ఉంది" దగ్గరే ఆగుతాను.

సింగిల్‌రైడర్

ఇలా ఊహాగానాలు చేయడం ఇంటర్నెట్ వచ్చాకే మొదలైందా, ముందూ ఉండేదా?

పర్మిట్‌పక్షి

పార్కు కంటే పాతది అండీ! 1960లలో ఆర్లాండో దగ్గర ఎవరో వేరే వేరే పేర్లున్న కంపెనీలతో భూమి కొంటూ పోయారు, మొత్తం 27,000 ఎకరాల పైమాటే. కార్ల కంపెనీ అని కొందరు, విమానాల కంపెనీ అని కొందరు ఊహించారు. 1965 అక్టోబరులో ఆర్లాండో సెంటినెల్ విలేకరి ఎమిలీ బవార్ కాలిఫోర్నియా వెళ్లినప్పుడు వాల్ట్ డిస్నీనే నేరుగా అడిగేశారు. ఆయన అవునని చెప్పలేదు. కానీ ఫ్లోరిడా గురించి ఆసక్తి లేని మనిషికి తెలియనంత వివరంగా మాట్లాడారు. ఆమెకి అనుమానం గట్టిపడింది. ఆ నెలలోనే ఆ రహస్య కంపెనీ డిస్నీయే అని పత్రిక రాసేసింది.

మనం చేసేదీ అదే పని. ఏం చెప్పారో వినడం, ఏం చెప్పలేదో గమనించడం, నేల వైపు చూడటం.

నీలిమబ్బు

ఇది నాకు తెలియదు! ఇవాళ్టికి ఇది చాలు నాకు.

రైలుపట్టా

వచ్చే నెల ఐలాండ్స్‌కి వెళ్తున్నాను. లాస్ట్ కాంటినెంట్ చుట్టూ గోడలు ఎక్కడి దాకా ఉన్నాయో, ఏ దారి మూసేశారో ఫొటోలు తీసి ఇక్కడ పెడతాను. మ్యాజిక్ కింగ్‌డమ్‌కీ ఒక రోజు ఉంది. ఎవరికైనా ఏదైనా కోణం కావాలంటే చెప్పండి.

చీకటిరైడ్

బిగ్ థండర్ వైపు గోడ వెనక క్రేన్లు కనిపిస్తే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి చాలు. పునాది పని, పైకట్టు పని తేడా దాన్నిబట్టి తెలుస్తుంది.

నదిఒడ్డు

నాకు కొత్త ఫొటోలు వద్దండి. ఎవరి దగ్గరైనా ఆ పడవ ఈల వినిపించే పాత వీడియో ఉందా? మా దగ్గర అన్నీ ఫొటోలే, గొంతు లేదు. నాన్నకి ఇప్పుడు ప్రయాణం కుదరదు, వినిపిద్దామని.

నీలిమబ్బు

నా దగ్గర ఉంది. పై అంతస్తులోంచి తీసింది, నాలుగు నిమిషాలు. ద్వీపం వెనక మలుపు తిరిగేటప్పుడు ఈల రెండుసార్లు వస్తుంది, మధ్యలో ఎవరూ మాట్లాడరు. పాత హార్డ్ డిస్క్‌లో వెతికి ఈ రాత్రికే పెడతాను.

నదిఒడ్డు

ఎదురుచూస్తుంటాను.